కంప్యూటర్ సైన్స్ చదివి ఆర్మీ సిగ్నల్స్‌కి పోతానంటున్నాడు, ఏం చేయాలి?

పుంగనూరు దగ్గర పల్లె నుంచి ఒక తండ్రి రాశారు. కొడుకు తిరుపతిలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. ఆర్మీలో ఆఫీసర్‌గా, అదీ సిగ్నల్స్‌లో చేరతానని పట్టుబట్టాడట. "పాలు పోసి ఫీజులు కట్టినాం. వైర్లు లాగేదానికా ఇంజనీరింగ్ చదివించింది? వాళ్ళమ్మ వారం నుంచి సరిగ్గా అన్నం తినడంలేదు. మీరైనా వాడికి చెప్పండి" అని ఉత్తరం.

అన్నా, వాడికి చెప్పేముందు మీకు ఒకటి చెప్పాలి. గరుడ సేవ రాత్రి కొండ మీద ఉన్నారా ఎప్పుడైనా? మాడవీధుల్లో లక్షల మంది, ఫోన్లో టవర్ గీతలు నిండుగా కనిపిస్తుంటాయి, కాల్ మాత్రం పోదు. పక్కనున్న కానిస్టేబుల్ చేతిలో వైర్‌లెస్ సెట్ మాత్రం గరగరమంటూ పలుకుతూనే ఉంటుంది. 2021 నవంబరు వానలప్పుడు మా వీధిలో కరెంటూ పోయి ఫోన్లూ పోయి, రెండు వీధుల అవతల మా అక్క ఎట్లా ఉందో తెలుసుకోవడానికి మోకాలిలోతు నీళ్ళలో నడిచిపోయాను. ఇక ఎదుటివాడు కావాలనే ఆ లింకులు తెంచాలని, జామ్ చేయాలని, వినాలని చూస్తుంటే ఎట్లుంటుందో ఊహించండి. అప్పుడు కూడా వెనకున్న కమాండర్ మాట ముందున్న పోస్టుకి చేరాల్సిందే. 1911లో మొదలైన సిగ్నల్స్ కోర్ పని అదే. రేడియో, ఆప్టికల్ ఫైబర్, శాటిలైట్ టెర్మినళ్ళు, సొంత కంప్యూటర్ నెట్‌వర్క్, సైబర్ రక్షణ, అన్నీ వాళ్ళ చేతిలోనే. అక్కడ బయటి పెన్‌డ్రైవ్ ఒకటి తెచ్చి గుచ్చడం కూడా పెద్ద తప్పే.

నా దగ్గర చదివిన ఒకడు ఇప్పుడు సిగ్నల్స్‌లో కెప్టెన్, పోయినసారి సెలవులో వచ్చి గంటసేపు కూర్చున్నాడు. లడఖ్ చలికాలంలో రాత్రి రెండింటికి లింక్ పోతే ల్యాప్‌టాప్ తెరిచే ముందు బ్యాటరీ చూస్తారట, చలికి దాని శక్తి పడిపోతుంది కాబట్టి, తర్వాత కనెక్టర్‌లో మంచు చేరిందేమో, గాలికి యాంటెనా పక్కకి తిరిగిందేమో. ఇదంతా తనకి నేర్పింది ఇరవై ఏళ్ళ సర్వీసున్న సుబేదారు గారని, మొదటి ఆరు నెలలూ ఆయన వెనకే తిరిగానని చెప్పాడు. అంటే ఇది కోడింగ్ ఉద్యోగం కాదన్నా. మనుషుల్ని, పరికరాల్ని కలిపి నడిపించే ఉద్యోగం. మీవాడికి రోజంతా కోడ్ రాయడమే ఇష్టమైతే బెంగళూరే మంచిది, ఆ మాట వాడికీ గట్టిగా చెప్తాను.

దారి విషయానికొస్తే, ఎస్‌ఎస్‌సీ టెక్ అని, అంటే కొన్నేళ్ళకే పరిమితమైన షార్ట్ సర్వీస్ కమిషన్ కింద, ఇంజనీర్లకి ఎంట్రీ ఉంది. వయసు 20 నుంచి 27, ఫైనల్ ఇయర్‌లోనే అప్లై చేయొచ్చు, రాతపరీక్ష లేదు. కానీ షార్ట్‌లిస్ట్ చేసేది ఆరో సెమిస్టర్ వరకూ వచ్చిన మార్కులతో, అంటే ఇప్పుడు చదువుతున్న సంవత్సరమే కీలకం. తర్వాత ఎస్‌ఎస్‌బీ, అంటే ఆఫీసర్లని ఎంచుకునే ఇంటర్వ్యూ, ఐదు రోజులు. మొదటి రోజు స్క్రీనింగ్‌లోనే చాలామందిని ఇంటికి పంపేస్తారు. ఆ పైన మెడికల్. సెలెక్టయినా సిగ్నల్సే ఇస్తారన్న హామీ లేదు, ఇంజనీర్స్‌కో ఆర్మీ పరికరాల మరమ్మతు చూసే ఈఎంఈకో పంపొచ్చు. అది ముందే తెలిసి పోవాలి. ఎన్‌సీసీ సీ సర్టిఫికెట్‌లో బీ గ్రేడైనా ఉంటే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ కూడా చూడొచ్చు. నేవీలో ఐటీకి విడిగా ఎంట్రీ ఉంది, పదిలోనో ఇంటర్‌లోనో ఇంగ్లీషులో 60 శాతం అడుగుతారు. ఎయిర్‌ఫోర్స్‌కైతే ఏఎఫ్‌క్యాట్ అనే ప్రవేశపరీక్ష రాయాలి. తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుంచే 2018 డిసెంబరులో ఎయిర్‌ఫోర్స్ కోసం జీశాట్-7ఏ ఉపగ్రహం పైకి పోయింది. ఆకాశంలో ఉన్న దాన్ని వాడుకోవాలంటే కింద నెట్‌వర్క్ తెలిసినవాళ్ళు కావాలి కదా.

జీతం లెఫ్టినెంట్‌కి మూలవేతనం 56,100, మిలిటరీ సర్వీస్ పే 15,500, డీఏ అదనం. అయితే ఎస్‌ఎస్‌సీ పదేళ్ళు, ఇంకో నాలుగేళ్ళు పొడిగించుకోవచ్చు. రిటైరయ్యే వరకూ ఉండే పర్మనెంట్ కమిషన్ రాకపోతే పెన్షన్ లేదు. ముప్పై ఐదు దగ్గర బయటికి వచ్చి మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవాలి. అప్పటికి నెట్‌వర్క్, సైబర్ పని చేసిన అనుభవం చేతిలో ఉంటుంది, అయినా ఆ రోజు కోసం డబ్బు వెనకేసుకోవాల్సిందే.

వాళ్ళమ్మ గారికి మాత్రం "ఏసీ రూములో కూర్చునే ఉద్యోగంలే" అని చెప్పకండి. అబద్ధం అది. పదాతిదళం ఎక్కడికి పోతే సిగ్నల్స్ వాళ్ళూ అక్కడికి పోతారు. ప్రమాదం ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు వాడి నోటితోనే ఆమెకి చెప్పించండి, ఆమె అడిగేవన్నీ అడగనివ్వండి.

ఈ ఆదివారం వాడు ఇంటికొస్తే తిరుపతిలోనో చిత్తూరులోనో కంటి డాక్టరుకి ఒకసారి చూపించండి. అద్దాల నంబరు, ఇప్పటివరకూ వచ్చిన మార్కులు, బ్యాక్‌లాగ్ ఏమైనా ఉంటే అదీ నాకు రాయండి. అవి చూశాక ఏ ఎంట్రీకి, ఎప్పుడు అప్లై చేయాలో చెప్తాను.