సారా అంగడి మీదికి పోయిన అవ్వను బొమ్మల్లో చూపిస్తే డాక్యుమెంటరీ అవుతుందా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో యానిమేషన్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది నెల్లూరు జిల్లాలో కలిగిరి దగ్గర పల్లె. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు మా ఊళ్లోనూ ఆ గాలి వీచింది. రాత్రి బడిలో సారా మీద పాఠం చదువుకుని, చీపుర్లు, కారంపొడి పట్టుకుని అంగడి మీదికి పోయినామని మా అవ్వ చెబుతుంది. ఆమె మాటలన్నీ రికార్డు చేసి పెట్టుకున్నాను. ఫొటో మాత్రం ఒక్కటీ లేదు. అందుకే బొమ్మల్లో చెబుదామనుకుంటే, క్లాసులో ‘బొమ్మ నీ ఊహ, అది డాక్యుమెంటరీ ఎట్లా అవుతుంది?’ అన్నారు. ఆలోచిస్తే నాకూ అనుమానమే. కెమెరా ఎదురుగా ఉన్నదాన్ని తీస్తుంది. బొమ్మలో వేపచెట్టు కూడా నేను వేస్తేనే ఉంటుంది. అవ్వ ఏడవని చోట నేను కన్నీళ్లు పెట్టించగలను. అదే నా టెన్షన్. ఇంకోటి, మా తాత తాగొచ్చి ఆమెను కొట్టేవాడని ఊరంతా ఎరుగుదురు. అవ్వ మాత్రం ఆ మాట ఎత్తితే ‘అదొద్దులే’ అంటుంది. ఆ సీన్ వెయ్యొచ్చా? పోటీలకు ఏ విభాగంలో పంపాలి?
— ఒక విద్యార్థిని, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, నీ అనుమానం మంచిదే గానీ, నీ క్లాసువాళ్ల మాట నేను ఒప్పుకోను. 1915 మే 7న ఐర్లండ్ తీరం దగ్గర లూసిటానియా అనే ప్రయాణికుల ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. దాదాపు 1,200 మంది చనిపోయారు. అది మునుగుతుండగా తీసిన కెమెరా లేదు. విన్సర్ మెకే అనే అమెరికా కార్టూనిస్టు ఆ దృశ్యాన్నంతా చేత్తో గీసి 1918లో సినిమాగా విడుదల చేశాడు. అందులో నాకు నచ్చేది ఓడ బొమ్మ కాదు. మొదట్లో మెకే తానే తెర మీదికొచ్చి, వివరాలు ఎవరి దగ్గర అడిగి తెలుసుకున్నాడో చూపిస్తాడు. చివరికొచ్చేసరికి మాత్రం జర్మన్ల మీద కోపం రగిలించే రాతలు పెట్టాడు, యుద్ధకాలం మరి. నువ్వు చేయాల్సిందీ, చేయకూడనిదీ రెండూ ఆ ఒక్క సినిమాలోనే దొరుకుతాయి.

ఇక కెమెరా సంగతి. నేను ఎడిటింగ్ గదిలో జీవితం గడిపినవాణ్ణి. ఒక మనిషి నవ్వే ముందు ఆగిన రెండు సెకన్లు కోసేస్తే, అదే నవ్వు వెటకారంగా మారిపోతుంది. కెమెరాను ఎటు తిప్పాలో, ఎక్కడ ఆపాలో కూడా మనిషే చూసుకుంటాడు. కాబట్టి బొమ్మా, ఫొటోనా అని కాదు, ఈ మాట ఎవరు చెప్పారో చూసేవాడికి తెలుస్తున్నదా లేదా అని అడుగు.

అవ్వ గొంతును అట్లాగే ఉంచు. డబ్బింగ్ వద్దు, వెనకాల వయొలిన్ అసలే వద్దు. ఆమె కచ్చితంగా చెప్పినదానికి నిండు రంగులు వెయ్యి. ‘అట్లా ఉండిందేమో’ అన్నచోట పెన్సిల్ గీతల్లో వదిలెయ్యి. పక్కింటామెను కూడా అడుగు. అవ్వ ఇరవై మందిమి పోయినాం అంటే, ఆమె ఊరంతా కదిలింది అనొచ్చు. అప్పుడు ఒకటి ఏరుకోవద్దు, రెండు గుంపులూ గీసి ఒకదాని తర్వాత ఒకటి చూపించు. ఆ తేడాయే సినిమాకు ప్రాణం పోస్తుంది.

ఊహతో నింపకుండా వెతకాల్సినవీ ఉన్నాయి. చాలామంది సారా అనగానే సీసా గీస్తారు. అప్పట్లో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వం పంపింది పాలిథిన్ ప్యాకెట్లు. మీ ఊరి అంగడి తడికలదా, రేకులదా? కరెంటు స్తంభం ఎక్కడుండేది? పాత పేపర్లు, పాత మనుషులు చెబుతారు. తేదీల్లో అవ్వ తడబడితే ఆమె మాటను కోయకుండా, సరైన తేదీని తెర మీద రాయి. నెల్లూరు జిల్లాలో సారా నిషేధం 1993 ఏప్రిల్ 15న, రాష్ట్రమంతటా అదే ఏడాది అక్టోబర్ 1న వచ్చింది. సంపూర్ణ మద్యనిషేధం 1995 జనవరిలో. చెప్పేవాళ్లు ఈ మూడింటినీ కలిపేయడం మామూలే.

తాత సీన్ వెయ్యొద్దు. ఊరికి తెలుసన్నది ఆమె అనుమతి కాదు. ‘అదొద్దులే’ అన్న మాటను కూడా ఆమెకు వినిపించి, ఉంచమంటేనే ఉంచు. ఒప్పుకుంటే అక్కడ బొమ్మ ఆపి, తెర ఖాళీగా వదిలి, ఆ మాటొక్కటే వినిపించు. ఆ కాస్త ఖాళీలోనే జనం తమ ఇళ్లు గుర్తు చేసుకుంటారు, నన్ను నమ్ము.

పని లెక్క కూడా ముందే వేసుకో. సెకనుకు 12 బొమ్మల చొప్పున నిమిషానికి 720. పది నిమిషాలు ఒక్కదానివే గీయాలనుకుంటే కాలేజీ దాటిపోతుంది. తోలుబొమ్మలాటలో లాగా చేతులు, తల విడిగా కత్తిరించి కదిలించే కటౌట్ పద్ధతి పెట్టుకుంటే చాలా తగ్గుతుంది. బొమ్మలు గీసి కదిలించే సాఫ్ట్‌వేర్లు క్రిటా, బ్లెండర్ రెండూ ఉచితంగానే దొరుకుతాయి. నాలుగు నిమిషాలు చాలు.

విభాగం గురించి అడిగావు. ‘ఫ్లీ’ అనే 2021 నాటి డెన్మార్క్ సినిమా ఒక అఫ్గాన్ శరణార్థి నిజ కథ. అతని పేరు మార్చి, ముఖం బయటపడకుండా యానిమేషన్‌లో చెప్పారు, మధ్యమధ్యలో ఆనాటి న్యూస్ దృశ్యాలూ వాడారు. ఆస్కార్‌కు అది డాక్యుమెంటరీ, యానిమేషన్, అంతర్జాతీయ చిత్రం, మూడు విభాగాల్లోనూ నామినేట్ అయింది. నువ్వు డాక్యుమెంటరీకే పంపు. పోటీ రూల్స్ ఒప్పుకుంటే యానిమేషన్‌కూ పంపు. దరఖాస్తులో మాత్రం ‘రికార్డు చేసిన మాటల ఆధారంగా గీసినది’ అని మొదటి వాక్యంలోనే రాయి.