స్లీవ్ అయ్యాక పాంటోప్రజోల్ ఎన్నాళ్ళు వాడాలి? ముందు ఎలా వేసుకుంటున్నారో చూడండి

ప్రశ్న ఇదీ: గాజువాకలో ఉండే అక్కకి నాలుగు నెలల కిందట బరువు తగ్గడానికి కడుపుని చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ అయింది. గ్యాస్ మాత్ర పాంటోప్రజోల్ 40 మి.గ్రా. ఇంకా వాడుతోంది. రెండు రోజులు మానితే గుండెల్లో మంట, మళ్ళీ మొదలుపెట్టడం. థైరాయిడ్ మాత్ర కూడా ఉంది. "ఎన్నాళ్ళు వాడాలి, ఎక్కువ వాడితే కిడ్నీలు పోతాయంటున్నారు, నిజమేనా" అని తమ్ముడు అడుగుతున్నారు.

కిడ్నీల సంగతి చివర్లో చెప్తాను, ముందే కంగారుపడకండి. స్లీవ్ తర్వాత నాలుగు నెలలు ఈ మాత్ర వాడటం వింతేమీ కాదు. ఒక్కో సర్జన్ ఒక్కో లెక్క చెప్తారు, నెల నుంచి ఆరు నెలల దాకా. కానీ ఠక్కున ఆపడం, మంట రాగానే మళ్ళీ మొదలుపెట్టడం ఇలాగే సాగితే ఆ మందు అవసరమో కాదో ఎప్పటికీ తేలదు. అసలు చూడాల్సింది ఆవిడ మాత్ర ఎలా వేసుకుంటున్నారని. అది ప్రశ్నలో లేదు. నా అనుమానం అంతా దానిమీదే.

గాజువాక కానివ్వండి, మద్దిలపాలెం కానివ్వండి, ఈ ఆపరేషన్ అయినవాళ్ళ ఇంట్లో పొద్దున్న ఆరింటికి సాధారణంగా జరిగేది ఇది. డబ్బా మూత తీస్తారు. థైరాయిడ్ మాత్ర, గ్యాస్ మాత్ర, కాల్షియం, ఐరన్, మల్టీవిటమిన్ అరచేతిలో పోసుకుంటారు. ఒక్కొక్కటే గుక్కెడు నీళ్ళతో మింగుతారు. కడుపు చిన్నదైంది కాబట్టి అప్పటికే నిండినట్టుంటుంది. పది నిమిషాలకి ఫిల్టర్ కాఫీ. తర్వాత ఆకలి ఉండదు. పిల్లల బాక్సులు, వంట, ఫోన్లు. పదకొండింటికి గుర్తొచ్చి ఒక ఇడ్లీ. "మందులన్నీ పద్ధతిగా వేసుకుంటన్నాను కదా, మరింకా ఈ మంటేటి?" అని అడుగుతారు.

మందులన్నీ కడుపులోకి వెళ్ళాయి, నిజమే. సగం పనిచేయలేదు.

పాంటోప్రజోల్, ఒమిప్రజోల్, రబిప్రజోల్, ఈసోమిప్రజోల్, ఈ కుటుంబం మందులన్నీ యాసిడ్ తయారుచేసే పంపులని మూసేస్తాయి. అయితే ఆ క్షణంలో నడుస్తున్న పంపులనే మూస్తాయి. పంపులు ఎక్కువగా నడిచేది తిండి పడ్డప్పుడు. మందు రక్తంలో సగానికి పడిపోవడానికి గంట, గంటన్నర చాలు. అంటే ఆరింటికి మింగి పదకొండింటికి తింటే, పంపులు లేచే వేళకి మందు దాదాపు వెళ్ళిపోయి ఉంటుంది. చీటీ మీద 'బీబీఎఫ్' అని రాస్తే టిఫినుకి ముందు అని. ఎంత ముందో ఎవరూ రాయరు. అరగంట నుంచి గంట. ఆ గంట దాటకుండా తినాలి కూడా, అదీ గట్టి తిండి: గుడ్డు, పెసరట్టు, ప్రోటీన్ పొడి, ఏదైనా. కాఫీ నీళ్ళు తిండి లెక్కలోకి రావు. స్టీల్‌ప్లాంటులో రాత్రి షిఫ్ట్ చేసేవాళ్ళయితే గడియారం చూడక్కర్లేదు. నిద్ర లేచాక తినే మొదటి పెద్ద తిండికి గంట ముందు, అంతే.

ఇక కాల్షియం. మన మందుల షాపుల్లో అడగ్గానే చేతికొచ్చేది ఎక్కువగా కార్బొనేట్ రకం. అది కరగడానికి యాసిడ్ కావాలి. ఒక చేత్తో యాసిడ్ ఆపే మాత్ర, ఇంకో చేత్తో యాసిడ్ ఉంటేనే కరిగే కాల్షియం. ఈ ఆపరేషన్ తర్వాత సిట్రేట్ రకమే అడిగి తీసుకోవాలి. అట్ట వెనక చిన్న అక్షరాల్లో 'కాల్షియం సిట్రేట్' అని ఉందో లేదో చూసుకోండి. రోజుకి 1200 నుంచి 1500 మి.గ్రా., ఒక విడతకి 500-600 మించకుండా. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య కనీసం రెండు గంటల ఎడం. ఆ రెండూ థైరాయిడ్ మాత్రకి నాలుగు గంటల దూరంలో ఉండాలి, లేకపోతే దాన్ని పట్టుకుని లోపలికి పోనివ్వవు. మల్టీవిటమిన్‌లోనూ ఐరన్ ఉంటుంది, కనుక దానికీ అదే రూలు.

మీ అక్కగారి రోజు ఇలా మార్చి చూడండి. లేవగానే థైరాయిడ్ మాత్ర, గ్యాస్ మాత్ర, రెండూ కలిపే వేసుకోవచ్చు. పాంటోప్రజోల్ థైరాయిడ్ మాత్రని పట్టుకోదు. కడుపులో యాసిడ్ తగ్గడం వల్ల అది ఒంటపట్టడం కాస్త తగ్గొచ్చు, గంట ఎడం ఇచ్చినా ఇందులో తేడా రాదు. దానికి మార్గం ఆరు నుంచి ఎనిమిది వారాలకి థైరాయిడ్ రక్త పరీక్ష (టీఎస్‌హెచ్) చూసుకోవడమే. బరువు తగ్గేకొద్దీ థైరాయిడ్ మోతాదు ఎలాగూ మారుతుంది. ముప్పావుగంట, గంట తర్వాత టిఫిను. తిన్న అరగంటకి కాఫీ. పదకొండుకి మొదటి కాల్షియం. మధ్యాహ్నం భోజనం అయ్యాక, రెండింటి ప్రాంతంలో ఐరన్, నిమ్మరసం కలిపిన నీళ్ళతో. టీ మాత్రం ఐరన్ దగ్గరికి రానివ్వకూడదు. సాయంత్రం ఐదింటికి రెండో కాల్షియం, రాత్రి భోజనం తర్వాత మూడోది. మల్టీవిటమిన్ ఐరన్‌తో పాటే వేసేయొచ్చు. ఇలా రెండు వారాలు నడిస్తే మంట ఎంత నిజమో తెలుస్తుంది. చాలామందికి అక్కడే సగం తగ్గిపోతుంది.

ఆపే పద్ధతికొద్దాం. నెలల తరబడి యాసిడ్‌ని తొక్కిపెడితే, యాసిడ్ తయారు చెయ్యమనే గ్యాస్ట్రిన్ హార్మోను పెరిగిపోతుంది. ఒక్కసారిగా మాత్ర తీసేస్తే యాసిడ్ మామూలు కన్నా ఎక్కువగా ఉబుకుతుంది. ఈ తిరుగుమంట కొన్ని వారాలు ఉండొచ్చు. రెండు రోజులకే భయపడి మళ్ళీ మొదలుపెడితే ఎప్పటికీ బయటపడలేరు. డాక్టర్‌కి చెప్పి 40 నుంచి 20కి దిగాలి. రెండు నుంచి నాలుగు వారాలు 20 మీదుండాలి, తర్వాత ఇంకో రెండు వారాలు రోజు విడిచి రోజు, ఆపైన ఆపెయ్యాలి. 40 మాత్రని సగం విరిచి 20 చేసుకోకండి, పైన పూత పోతే మందు కడుపు యాసిడ్‌లోనే పాడైపోతుంది. 20 విడిగా దొరుకుతుంది. ఆపాక మంట వచ్చిన రాత్రి ఫామోటిడిన్ 20 గానీ, జెలుసిల్, డైజిన్ లాంటి ద్రవం గానీ చాలు. ఫామోటిడిన్ రోజూ వేస్తే వారం రెండు వారాల్లో పని తగ్గిపోతుంది, అందుకని అవసరమైన రోజుకే. ద్రవం మాత్రం థైరాయిడ్ మాత్రకి నాలుగు గంటల దూరంలో.

తిరుగుమంట వారం వారం తగ్గుతూ పోతుంది. తగ్గకుండా, పడుకుంటే గొంతులోకి పుల్లనీళ్ళు రావడం, రాత్రి దగ్గుతో లేవడం, వంగితే మంట ఎక్కడం ఉంటే అది వేరే కథ. స్లీవ్‌లో కడుపులో 75-80 శాతం తీసేసి సన్నటి గొట్టంలా మిగులుస్తారు. లోపల ఒత్తిడి పెరుగుతుంది, అన్నవాహిక కడుపుని కలిసే చోట ఉండే సహజమైన మడత, కండరాల పట్టు దెబ్బతింటాయి. అంచేత యాసిడ్ తక్కువే తయారైనా పైకి తన్నుతుంది. మాత్ర యాసిడ్ ఘాటు తగ్గిస్తుందే గానీ తన్నడాన్ని ఆపదు. అప్పుడు తిండి తీరే చూడాలి. నిద్రకి మూడు గంటల ముందే భోజనం ముగించాలి. తింటూ నీళ్ళు తాగకూడదు. మంచం తల వైపు కాళ్ళ కింద ఆరు నుంచి ఎనిమిది అంగుళాల చెక్క దిమ్మలు పెట్టాలి. తలగడలు పేర్చితే నడుం దగ్గర మడత పడి ఇంకా తన్నుతుంది. బీచ్ రోడ్డులో రాత్రి తొమ్మిదింటికి మిరపకాయ బజ్జీ, మీద గోలీసోడా అయితే, ఏ కంపెనీ మాత్రయినా చేతులెత్తేస్తుంది.

ఇక్కడ నా కోపం ఒకటి చెప్పుకోవాలి. ఏ చీటీ చూసినా పాన్-డి. అందులో పాంటోప్రజోల్‌తో పాటు 30 మి.గ్రా. డోంపెరిడోన్ ఉంటుంది. ఆపరేషన్ కొత్తలో వాంతులకి కొన్ని రోజులు ఇవ్వడంలో అర్థం ఉంది. దాన్ని నెలల తరబడి 'అదే గ్యాస్ మాత్ర' అనుకుని వేసుకుంటారు. డోంపెరిడోన్ గుండె లయని మార్చగల మందు, వాంతులతో పొటాషియం, మెగ్నీషియం తగ్గినవాళ్ళకి ఇంకా ప్రమాదం. వికారం లేకపోతే ఉత్త పాంటోప్రజోల్ చాలు, అడిగి మార్పించుకోండి. జన ఔషధి కేంద్రంలో దొరికేదీ ఆ మందే. రెండో కోపం, డిశ్చార్జ్ చీటీల మీద '1-0-0, కంటిన్యూ' అని రాసి వదిలెయ్యడం. ఎప్పుడు ఆపాలో తేదీ రాయని మందు జన్మంతా నడుస్తుంది, రాసినవాళ్ళు మర్చిపోయినా షాపువాళ్ళు ఇస్తూనే ఉంటారు.

ఇది చదివేవాళ్ళలో బరువు తగ్గడానికి కడుపు బైపాస్ (గుండెది కాదు) అయినవాళ్ళుంటే, పైన చెప్పిన ఆపే పద్ధతి మీకు కాదు. బైపాస్‌లో పైన మిగిలేది సుమారు 30 మి.లీ. సంచి. దానికి పేగుని కుడతారు. ఆ పేగుకి యాసిడ్ అలవాటు లేదు. అందుకే కుట్టు దగ్గర, పేగు వైపు పుండు పడుతుంది. మీకు ఈ మాత్ర కాపలా మందు. మొదటి మూడు నెలలు మంట లేకపోయినా మానకూడదు. పుండు పడ్డవాళ్ళకి క్యాప్సూల్ విప్పి లోపలి గింజలు వేసుకుంటే త్వరగా మానుతుంది. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో విప్పి వేసుకున్నవాళ్ళకి మధ్యస్థంగా 91 రోజుల్లో, మొత్తంగా మింగినవాళ్ళకి 342 రోజుల్లో మానింది. చిన్న సంచిలో క్యాప్సూల్ కరిగే లోపే కిందికి జారిపోవడమే తేడాకి కారణం అనుకుంటారు. గింజలున్న ఒమిప్రజోల్, ఈసోమిప్రజోల్ క్యాప్సూళ్ళకే ఈ పని. చెంచాడు పుల్ల పెరుగులో కలిపి నమలకుండా మింగాలి. పాంటోప్రజోల్ మాత్రని పొడి చెయ్యకూడదు. గుండెకి స్టెంట్ పడి, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళకి ఒమిప్రజోల్, ఈసోమిప్రజోల్ సరిపడవు, గుండె డాక్టర్‌ని అడక్కుండా మార్చకండి.

బైపాస్ వాళ్ళ పుండుకి రెండు పెద్ద శత్రువులు. ఒకటి నొప్పి మందులు: డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్. మోకాళ్ళ నొప్పులతోనే చాలామంది ఈ ఆపరేషన్‌కి వస్తారు కాబట్టి ఇంట్లో అట్టలు ఉండనే ఉంటాయి. "ఇంజెక్షన్ కడుపుకి తగలదు" అని వీధి చివర క్లినిక్‌లో వేయించుకునేవాళ్ళకి చెప్తున్నాను, తగులుతుంది. ఆ మందు రక్తంలో తిరిగి కడుపు గోడ రక్షణని తీసేస్తుంది, దారి ఏదైనా ఒకటే. జ్వరానికీ నొప్పికీ పారాసెటమాల్. రెండోది పొగ. సిగరెట్టు గురించి అడిగితే లేదంటారు, అడ్డపొగ గురించి ఎవరూ అడగరు. ఉత్తరాంధ్ర పల్లెల్లో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే పెద్దావిడలు ఇంకా ఉన్నారు. అదీ పొగే, పుండుకి అదీ కారణమే. మీ ఇంటి పెద్దావిడకి బైపాస్ అయితే సర్జన్‌కి మీరే చెప్పండి.

మినీ బైపాస్ వాళ్ళకి మంట పైత్యరసం వల్ల కూడా రావచ్చు. చేదునీళ్ళు వస్తుంటే గ్యాస్ మాత్ర మోతాదు పెంచుకుంటూ పోవడం దండగ, సర్జన్‌కి చూపించండి.

కిడ్నీల సంగతి. ఈ మాత్రల వల్ల కిడ్నీ వాపు అరుదుగా వస్తుంది, నిజమే. 'ఎక్కువ వాడినవాళ్ళలో కిడ్నీ జబ్బు ఎక్కువ' అనే లెక్కలు కారణాన్ని రుజువు చెయ్యవు. ఏడాదికోసారి కిడ్నీల రక్త పరీక్ష (క్రియాటినిన్) చూసుకుంటే సరిపోతుంది. విశాఖ ఉక్కపోతలో చెమట కారుతూ రోజుకి అర లీటరు నీళ్ళు కూడా దిగనివాళ్ళకే కిడ్నీల ముప్పు ఎక్కువ. గుక్కలు గుక్కలుగా లీటరున్నర తాగాలి. ఈ మాత్ర విషయంలో నేను భయపడేది బి12 గురించి. తిండిలోని బి12 విడిపడటానికి యాసిడ్ కావాలి, ఆపరేషన్‌తో ఒకసారి, మాత్రతో ఇంకోసారి దెబ్బ. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే మూడోసారి. రోజుకి 350 నుంచి 1000 మైక్రోగ్రాముల బి12 మాత్ర, లేదా నెలకోసారి 1000 ఇంజెక్షన్. అరికాళ్ళ తిమ్మిరి 'వయసు' అని వదిలెయ్యకండి. ఏడాది దాటి మాత్ర వాడితే మెగ్నీషియం కూడా చూడమనండి.

స్లీవ్ అయినవాళ్ళు మంట ఉన్నా లేకపోయినా ఆపరేషన్ అయిన ఏడాదికి ఒక ఎండోస్కోపీ చేయించుకోవాలి, తర్వాత రెండు మూడేళ్ళకోసారి. మాత్ర మంటని దాచేస్తే అన్నవాహిక లోపల ఏమవుతోందో పైకి తెలియదు. అప్పుడే కడుపులో పుండ్లు తెచ్చే హెచ్. పైలోరి క్రిమి పరీక్ష కూడా చేస్తామంటే, రెండు వారాల ముందు ఈ మాత్ర ఆపాలేమో అడగండి, ఆపకపోతే క్రిమి ఉన్నా లేదని రావచ్చు. తారులా జిగటగా, దుర్వాసనతో నల్లటి విరేచనం, రక్తపు వాంతి, నీళ్ళు కూడా దిగకపోవడం, కత్తితో పొడిచినట్టు హఠాత్తుగా కడుపునొప్పి, వీటిలో ఏది వచ్చినా మాత్రలు మార్చుకుంటూ ఇంట్లో కూర్చోకండి. ఆ రాత్రే ఎండోస్కోపీ, సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. ఐరన్ మాత్రకి కూడా విరేచనం నల్లగానే వస్తుంది, కానీ గట్టిగా ఉంటుంది, జిగట ఉండదు. తేడా తెలియకపోతే రక్తస్రావమనే అనుకుని వెళ్ళండి.