తొమ్మిదేళ్ల పాపను ఒంటరిగా బడికి పంపవచ్చా?

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి చదువుతోంది. బడి ఇంటికి కిలోమీటరు లోపే. ఆటోలో పిల్లలను కుక్కి తీసుకువెళ్తున్నారని మాన్పించాము. ఇప్పుడు ఒక్కతే నడిచి వెళ్తానంటోంది గాని, దారిలో మెయిన్ రోడ్డు దాటాలి. మా రోజుల్లో అందరం నడిచే వెళ్లామని మామగారు అంటారు. పదో తరగతి చదివే మా అబ్బాయి స్కూటీ మీద దింపుతానంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నడిచి వెళ్లనివ్వండి, మెయిన్ రోడ్డును మాత్రం ఇంకో ఏడాది, రెండేళ్ల వరకు ఒంటరిగా దాటనివ్వకండి. స్కూటీ ఆలోచన పూర్తిగా మానుకోండి. మైనరు బండి నడిపి పట్టుబడితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానాతో పాటు మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

మీ మామగారి మాట నిజమే అయినా, ఆయన నడిచిన రోడ్డు మీద ఇన్ని బండ్లు లేవు. దూరం నుంచి వచ్చే బండి వేగాన్ని అంచనా వేసి, అది దగ్గరికి వచ్చేలోగా అవతలికి చేరగలమా అని తేల్చుకునే నేర్పు సాధారణంగా పది, పదకొండేళ్లు దాటితే గాని కుదురుకోదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు దాటి వచ్చేస్తుంది. నడిపేవారు పిల్లను చూసి బ్రేకు వేసేలోపే ఆ దూరం అయిపోతుంది. ఆగి ఉన్న ఆటో వెనుక నుంచి అడుగు బయటపెట్టే పిల్లకు బండి కనిపించదు, బండి నడిపేవారికి పిల్ల కనిపించదు.

కొన్ని వారాలు మీరు తోడు వెళ్లండి, అయితే చేయి పట్టుకోకుండా ఒక అడుగు వెనుకే నడవండి. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు దాటాలో తననే పైకి చెప్పమనండి. కుడివైపు, ఎడమవైపు, మళ్లీ కుడివైపు చూడాలని అందరూ నేర్పుతారు. మన ఊళ్లలో డివైడరు ఉన్నా రాంగ్ రూటులో బైకులు వస్తాయి కనుక, రెండో సగం దాటేటప్పుడు కూడా రెండు వైపులా చూడటం అలవాటు చేయాలి. ఫుట్‌పాత్ లేని చోట, ఎదురుగా వచ్చే బండ్లు కంటపడేలా రోడ్డుకు కుడి అంచున నడవాలి. అవతలి నుంచి స్నేహితురాలు పిలిచినప్పుడు ఆగి చూస్తుందో, పరుగెత్తుతుందో గమనించండి. నా దృష్టిలో ఇంతకు మించిన పరీక్ష లేదు.

మామగారికి ఓపిక ఉంటే పొద్దున, సాయంత్రం ఆ రోడ్డు దాటించి వస్తే చాలు, మిగిలిన దారి పాప ఒక్కతే నడవగలదు.

బడి గేటు దగ్గర మరింత జాగ్రత్త అవసరం. గంట కొట్టే వేళకు అక్కడ ఆటోలు రివర్సు చేస్తుంటాయి, పిల్లలను దింపే తొందరలో తల్లిదండ్రులమే బండ్లను అడ్డదిడ్డంగా నిలుపుతాము. ఆ పావుగంట గేటు బయట ఒక మనిషిని నిలబెట్టమని ప్రధానోపాధ్యాయులను అడగండి. మెయిన్ రోడ్డు మీద జీబ్రా గీతలు, స్పీడు బ్రేకరు కావాలని మరికొందరు తల్లిదండ్రులతో కలిసి సంతకాలు చేసి మున్సిపల్ కార్యాలయానికి, ట్రాఫిక్ పోలీసులకు అర్జీ ఇవ్వండి.