ఏ చేపో చెప్పు

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. చేపల ఆకలి గురించి తెలుగులో రాయాలన్న నీ ఆలోచనే నాకు చాలా నచ్చింది. కానీ మొదటి పేరాలోనే "గ్రెలిన్ చేపలకు ఆకలి పుట్టిస్తుంది" అనేశావు. ఏ చేపకు?

గ్రెలిన్ అనే హార్మోన్‌ను 1999లో జపాన్ శాస్త్రవేత్తలు ఎలుక జీర్ణాశయంలో కనుగొన్నారు. గోల్డ్‌ఫిష్‌కు ఎక్కిస్తే అది ఎక్కువ తింటుంది, నిజమే. రెయిన్‌బో ట్రౌట్ దగ్గరికొచ్చేసరికి కొన్ని ప్రయోగాల్లో తిండి పెరిగింది, కొన్నింటిలో తగ్గింది. ఆకలిని తగ్గించే హార్మోన్ లెప్టిన్ మనలో ముఖ్యంగా కొవ్వు కణాల నుంచి వస్తుంది, చాలా చేపల్లో ఎక్కువగా కాలేయం నుంచి. మనుషుల గురించి చదివినదాన్ని చేపకు అంటగట్టకు.

ఆకలిని, చురుకుదనాన్ని రెండు భాగాలుగా విడగొట్టావు. అలా వద్దు. మెదడులో తయారయ్యే ఒరెక్సిన్ అనే రసాయనం ఇచ్చిన గోల్డ్‌ఫిష్ ఎక్కువ తినడమే కాదు, ఎక్కువ తిరుగుతుంది కూడా. 1996లో అచ్చయిన ట్రౌట్ ప్రయోగం చూడు. కొన్ని చేపలకు గ్రోత్ హార్మోన్ ఇచ్చి, కొంగ దాడి చేసినట్టు భయపెట్టారు. హార్మోన్ అందినవి మిగతావాటికంటే త్వరగా తేరుకుని మేతకు వచ్చాయి, నీటి పైభాగానికి దగ్గరగా తిన్నాయి, ఎక్కువ తిన్నాయి. పెరగాలన్న తొందర ప్రాణభయాన్ని కూడా వెనక్కి నెట్టింది! అంత వేగంగా పెరిగే వీలుంటే చేపలన్నీ ఎందుకు అలా పెరగవన్న ప్రశ్నకు ఒక జవాబు ఆ కొంగే. దీనికి నువ్వు ఒక్క లైను ఇచ్చావు. ఒక పేజీ ఇవ్వు.

కొల్లేరు చుట్టుపక్కల చెరువు రైతు నీ వ్యాసం చదువుతాడనుకో. సంచుల్లో కట్టిన తవుడు అలాగే మిగిలిపోతే ఆయనకు టెన్షన్. ముందు నీటిలో ఆక్సిజన్ చూసుకుంటాడు. ఆక్సిజన్ తగ్గితే చేపకు ఒత్తిడే కదా, నువ్వూ అక్కడి నుంచే ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్‌లోకి వెళ్ళు. ఒత్తిడి రోజుల తరబడి సాగి ఆ హార్మోన్ ఎక్కువగానే ఉండిపోతే చేపకు ఆకలి తగ్గుతుంది, పెరుగుదలా మందగిస్తుంది. అయితే చలికాలంలో శీలావతి, బొచ్చె మేత తగ్గించడాన్ని దీని ఖాతాలో వేయకు. నీళ్ళు చల్లబడితే చేప ఒంట్లో పనులన్నీ నెమ్మదిస్తాయి.

ఇంకొకటి. ఇంజెక్షన్‌తో జరిగినదాన్ని, చెరువులో సహజంగా జరిగేదాన్ని ఒకే వాక్యంలో కలిపేయకు. ఎంత మోతాదు ఇచ్చారు, మెదడులోకా పొట్టలోకా, ఎన్ని గంటల తర్వాత చూశారు, ఇవన్నీ రాయి. పాఠకుడికి విసుగని వదిలేసినట్టున్నావు. అవి లేకపోతే నిన్ను ఎందుకు నమ్మాలో అతనికి తెలియదు.

తిరగరాశాక పంపు. ముందు ట్రౌట్ భాగమే చదువుతాను.

ప్రేమతో,
మీ అన్నయ్య