పాత కంప్యూటర్‌కి చౌకగా దొరికే ర్యామ్ వేయించడం లాభమేనా?

మీరు అడిగింది ఇదీ: మూడో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, ఒకే ఒక్క 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్, విండోస్ 10 ఉన్న డెస్క్‌టాప్ ఈ మధ్య బాగా నెమ్మదించింది. అమ్మాయికి ఇంటర్ వీడియో క్లాసులు, మీకు ఎక్సెల్, బ్రౌజర్. ఆన్‌లైన్‌లో 8 జీబీ డీడీఆర్3 (మీ బోర్డుకి సరిపోయే తరం) ర్యామ్ 900 రూపాయలకే కనిపించింది, తీసుకోవచ్చా?

మీ మెషీన్‌కి ర్యామ్ పెంచడం లాభమే అనుకుంటున్నాను. ఆ 900 రూపాయల స్టిక్, అంటే ఆ ర్యామ్ ముక్క, మాత్రం వద్దు. ఈ రెండింటికీ కారణాలు వేరు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను విశాఖలో అకౌంట్స్ పని చేస్తాను. నేను లెక్కలు చూసే చిన్న వ్యాపారుల దగ్గర ఉన్న కంప్యూటర్లు చాలావరకు మీ దానిలాంటివే, పదేళ్లు దాటినవి. రిటర్న్ వేయాల్సిన రోజున మెషీన్ బిగుసుకుపోతే నా పని కూడా ఆగిపోతుంది. అందుకని వాటికి ఏం వేయించాలి, ఏం వద్దు అన్నది కూడా మెల్లగా నేనే చూసుకోవడం మొదలుపెట్టాను.

కొనే ముందు మీ కంప్యూటర్‌కి నిజంగా ర్యామే తక్కువైందా అన్నది తేల్చుకోండి. అమ్మాయి క్లాసు నడుస్తుండగా, మీ ఎక్సెల్ ఫైలు, రోజూ వాడే ట్యాబులు అన్నీ తెరిచి ఉంచి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, దాని కింద మెమరీ. అక్కడ కనిపించే శాతం చూసి చాలామంది కంగారు పడతారు గానీ, 4 జీబీ మెషీన్‌లో విండోస్ 10 ఏ పనీ లేకుండానే చాలా భాగం వాడుకుంటుంది. మీరు చూడాల్సింది కమిటెడ్ అని ఉన్న చోట. రెండు అంకెలు ఉంటాయి. మొదటి అంకె మీ 4 జీబీని బాగా దాటిపోయి, అదే సమయంలో డిస్క్ 100 శాతం దగ్గరే ఆగిపోయి ఉంటే, ర్యామ్ చాలక విండోస్ మాటిమాటికీ డిస్క్ మీదికి సర్దుతోందన్నమాట. కమిటెడ్ ఒక్కటే చూసి తేల్చకండి. ప్రోగ్రాములు అడిగి పెట్టుకున్నదంతా వాడవు. రెండూ కలిసి కనిపిస్తేనే ర్యామ్ కొరత.

పాత హార్డ్ డిస్క్ ఉన్నప్పుడు ఆ సర్దుడు ఎందుకంత బాధ పెడుతుందంటే, చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కలను అది సెకనుకు సుమారు వంద సార్లకు మించి చదవలేదు. హార్డ్ డిస్క్‌కి బదులు పెట్టుకునే మామూలు సాటా రకం ఎస్ఎస్‌డీ (చిప్స్‌తో చేసిన డిస్క్) అదే పని సెకనుకు వేల సార్లు చేస్తుంది.

పెదవాల్తేరులో మా అక్క వాళ్లకి మందుల ఏజెన్సీ ఉంది. ఆఫీసు గదిలో మీ దానిలాంటి కంప్యూటరే, 4 జీబీ ర్యామ్‌తో. ఒకవైపు ట్యాలీ, ఇంకోవైపు జీఎస్టీ పోర్టల్, మధ్యలో కంపెనీల ధరల పట్టికలు. ట్యాబ్ మార్చిన ప్రతిసారీ పేజీ మొదటి నుంచి లోడ్ అయ్యేది. బావ విసిగిపోయి “ఏటి చెయ్యమంటావు, కొత్తది కొనెయ్యమంటావా?” అని అడిగాడు. టాస్క్ మేనేజర్‌లో చూస్తే పైన చెప్పిన రెండు లక్షణాలూ స్పష్టంగా ఉన్నాయి. ఖాళీగా ఉన్న రెండో స్లాట్‌లో ఇంకో 4 జీబీ వేయించాం. ట్యాబులు మళ్లీ లోడ్ అవడం ఆగిపోయింది. ట్యాలీ నుంచి పోర్టల్‌కి, పోర్టల్ నుంచి ట్యాలీకి వెంటనే మారగలిగారు. కానీ ఉదయం స్విచ్ వేశాక పని మొదలుపెట్టేదాకా పట్టే టైమ్‌లో మార్పేమీ లేదు. అది డిస్క్ వల్ల వచ్చే ఆలస్యం, దానికి ర్యామ్ మందు కాదు. తర్వాత ఎస్ఎస్‌డీ పెట్టాకే ఆ సమస్య తీరింది.

దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగింది కూడా చూశాను. నేను లెక్కలు చూసే ఒక బట్టల కొట్టు యజమాని చేత ఎవరో 8 జీబీని 16 జీబీ చేయించారు. ఆయన వాడకం రోజంతా చూసినా 5 జీబీ దాటదు. డబ్బు ఖర్చయింది, తేడా ఏమీ తెలియలేదు. ఇంట్లో, చిన్న ఆఫీసులో చేసే పనులకి 4 నుంచి 8కి వెళ్తే తేడా బాగా తెలుస్తుంది. 8 నుంచి 16కి వెళ్తే వీడియో ఎడిటింగ్ లాంటివి చేసేవాళ్లకి తప్ప పెద్దగా తెలియదు.

ఇక ఆ 900 రూపాయల స్టిక్ సంగతి. వివరణలో ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో “ఏఎండీకి మాత్రమే” అని ఉందేమో చూడండి. ఏఎండీ అంటే ఇంటెల్‌కి పోటీగా ప్రాసెసర్లు చేసే కంపెనీ, మీ ఐ3 ఇంటెల్‌ది. డీడీఆర్2, డీడీఆర్3 కాలపు ర్యామ్‌లలో ఇంత చౌకగా అమ్మేవాటిలో ఇవి చాలా ఉంటాయి. వీటిలో చిప్స్ అమరిక వేరు, ఎక్కువగా సర్వర్ ర్యామ్‌లలో కనిపించే రకం. ఆ అమరికను ఏఎండీ ప్రాసెసర్లలోని మెమరీ కంట్రోలర్ చదవగలదు, ఇంటెల్‌ది చదవలేదు. మీ ఐ3 బోర్డులో వేస్తే అసలు ఆన్ కాకపోవచ్చు. స్టిక్ పాడైంది కాదు, మీ మెషీన్‌ది కాదు, అంతే. అమ్మినవాడు ముందే రాశాను కదా అంటాడు, తిరిగి పంపే ఖర్చు మీ మీద పడుతుంది. రివ్యూల్లో కొందరు బాగుందని రాసి ఉంటే వాళ్లవి ఏఎండీ మెషీన్లు అయి ఉంటాయి. నాకు దీని మీద నిజంగా కోపం వస్తుంది. పిల్లల చదువు కోసం నాలుగు డబ్బులు మిగిల్చుకుందామని చూసేవాళ్లకే ఇవి ఎక్కువగా తగులుతున్నాయి.

స్టిక్ మీద అంటించిన లేబుల్ చదవడం నేర్చుకుంటే చాలా ప్రమాదాలు తప్పుతాయి. పీసీ3-10600 అంటే 1333 వేగం, పీసీ3-12800 అంటే 1600. మీ మూడో తరం ఐ3కి రెండూ పనికొస్తాయి, రెండు వేగాలు కలిపి వేస్తే రెండూ తక్కువ వేగంతోనే నడుస్తాయి. ఆ అంకె చివర యూ అని ఉంటే మామూలు డెస్క్‌టాప్ ర్యామ్. ఎస్ ఉంటే ల్యాప్‌టాప్‌ది, పొట్టిగా ఉంటుంది. ఆర్ ఉంటే సర్వర్లలో వాడేది, మీ బోర్డులో పనిచేయదు. పాత సర్వర్లు తీసేసినప్పుడు బయటికొచ్చే ఆర్ రకం చాలా చౌక, చూసి మోసపోవద్దు. ఇంకో చోట 2ఆర్ఎక్స్8 అనో 1ఆర్ఎక్స్8 అనో ఉంటుంది. ఎక్స్ తర్వాత 8 ఉన్నది తీసుకోండి, 4 ఉన్నది వద్దు. ఒకవేళ మీరు 8 జీబీ స్టిక్కే తీసుకోవాలనుకుంటే రెండు వైపులా కలిపి 16 చిప్స్ ఉన్నదే అడగండి. 8 చిప్స్‌తో వచ్చే 8 జీబీ డీడీఆర్3ని మీ తరం ఇంటెల్ ప్రాసెసర్లు గుర్తించవు.

కానీ మీకు 8 జీబీ స్టిక్ అవసరం లేదు. హెచ్61 బోర్డుల్లో సాధారణంగా రెండు స్లాట్లు ఉంటాయి. ఉన్న 4 జీబీ పక్కన అలాంటిదే ఇంకో 4 జీబీ వేస్తే మొత్తం 8 అవుతుంది, పైగా రెండూ జతగా పనిచేస్తాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్లకి ఇది మంచిది, ఎందుకంటే తెర మీద బొమ్మ కోసం కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటాయి. కొనే ముందు సెట్టింగ్స్‌లో సిస్టమ్ టైప్ 64 బిట్ అని ఉందో లేదో చూసుకోండి. 32 బిట్ విండోస్ అయితే మీరు ఎంత ర్యామ్ వేసినా 4 జీబీ లోపే వాడుకుంటుంది. అప్పుడు ముందు విండోస్ మళ్లీ ఎక్కించాలి.

మన విశాఖ ద్వారకానగర్‌లో కంప్యూటర్ షాపులు చాలా ఉన్నాయి కాబట్టి ఈ పనికి ఆన్‌లైన్ కంటే షాపుకి వెళ్లడమే నయం. సీపీయూ పట్టుకెళ్లండి, లేకపోతే కనీసం మీ పాత స్టిక్ తీసి తీసుకెళ్లండి. అక్కడే వేసి, ఆన్ చేసి, 8 జీబీ చూపిస్తోందని చూశాకే డబ్బు ఇవ్వండి. సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎస్పీడీ ట్యాబ్ తెరిస్తే స్టిక్ లోపల రాసి ఉన్న తయారీదారు పేరు, సైజు, వేగం కనిపిస్తాయి. లేబుల్ ఒకటి చెప్పి, ఎస్పీడీ ఇంకొకటి చెప్తే ఆ స్టిక్ వదిలేయండి. కొత్తదైతే జీఎస్టీ బిల్లు అడగండి, బిల్లు లేకపోతే వారంటీ అడగడానికి ఆధారం ఉండదు. సెకండ్ హ్యాండ్ అయితే కనీసం వారం రోజులు మార్చి ఇస్తామని బిల్లు మీదే రాయించుకోండి.

ధరల గురించి ఒక మాట. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకి కావలసిన మెమరీ మీదే కంపెనీలు దృష్టి పెట్టడం దీనికి పెద్ద కారణం.  మరోవైపు 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. మీ విషయంలో ఈ రెండూ ఒక్కచోటికి వస్తున్నాయి, అందుకే చెప్తున్నాను.

వేయించి ఇంటికి తెచ్చాక మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత ప్రోగ్రాముని పెన్ డ్రైవ్‌లో ఎక్కించి, విండోస్‌కి బదులు దాంతోనే కంప్యూటర్ ఆన్ చేసి (బూట్ చేసి) రాత్రంతా నడవనివ్వండి. ఒక్క ఎర్రర్ వచ్చినా స్టిక్ వెనక్కి ఇచ్చేయాలి. ఇది చాదస్తం కాదు. పాడైన డిస్క్ అయితే చాలాసార్లు ఏదో ఒక శబ్దం చేసో, ఆగిపోయో తెలియజేస్తుంది. పాడైన ర్యామ్ తప్పు అంకెను నిశ్శబ్దంగా మీ ఫైల్లో రాసేయగలదు. ఒక క్లయింట్ దగ్గర సెకండ్ హ్యాండ్ స్టిక్ వేయించాక అప్పుడప్పుడూ నీలం తెర వచ్చేది, అందరూ విండోస్‌ని తిట్టుకున్నారు. మెమ్‌టెస్ట్ పెడితే ఎర్రర్లు వరసగా వచ్చాయి. ఆ స్టిక్ తీసేయగానే మెషీన్ కుదుటపడింది. లెక్కల ఫైళ్లు ఉన్నచోట అది ఇంకొన్నాళ్లు ఉండి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే టెన్షన్.

సముద్రం దగ్గర ఉండేవాళ్లు ఒక పని ముందే చేసి చూడాలి. లాసన్స్ బే కాలనీలో తెలిసినవాళ్ల కంప్యూటర్ ఆన్ కాకుండా బీప్ బీప్ అంటుంటే, చూసిన మెకానిక్ ర్యామ్ పోయింది, కొత్తది వేయాలన్నాడు. స్టిక్ తీసి చూస్తే బంగారు రంగు పళ్ల మీద మసకగా పొర కట్టి ఉంది. మన ఊరి ఉప్పు గాలికి, తేమకి ఇది మామూలే. ప్లగ్ పూర్తిగా తీసేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని, తర్వాత స్టిక్ తీయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో ఆ పళ్లను తుడిచి, బాగా ఆరాక రెండు చివరలా క్లిప్పులు పట్టుకునేలా నొక్కి పెట్టండి. రబ్బరుతో రుద్దడం చాలామంది చేస్తారు, కానీ ఆ బంగారు పూత చాలా పల్చన, గట్టిగా రుద్దితే పోతుంది. వాళ్ల కంప్యూటర్ తుడవడంతోనే ఆన్ అయింది.

ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చు అన్నది మిగిలింది. మీ ప్రాసెసర్ విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకునే జాబితాలో లేదు, ఇంటెల్‌లో అది ఎనిమిదో తరం నుంచి మొదలవుతుంది. విండోస్ 10కి ఇళ్లలో వాడేవాళ్లు నమోదు చేసుకుంటే అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు ఉంటాయని చెప్పారు. ఆ తర్వాత విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ లాంటిది ఎక్కించుకోవచ్చు. 8 జీబీ, ఎస్ఎస్‌డీ ఉంటే మీ ఐ3 మీద అది హాయిగా నడుస్తుంది, క్లాసులకి ఇబ్బంది ఉండదు. ఎక్సెల్ మాత్రం అందులో నేరుగా రాదు. అందుకే నేనైతే డబ్బుని ఇలా చూస్తాను: ఎస్ఎస్‌డీని రేపు కొత్త కంప్యూటర్ కొన్నా అందులోకి మార్చుకోవచ్చు, డీడీఆర్3 ర్యామ్‌ని మార్చుకోలేం. కాబట్టి మంచి కంపెనీ ఎస్ఎస్‌డీకి కాస్త ఎక్కువ పెట్టినా పర్వాలేదు. ర్యామ్ మీద మాత్రం పరీక్షించి ఇచ్చే సెకండ్ హ్యాండ్ 4 జీబీ స్టిక్‌కి మించి ఖర్చు పెట్టను. రెండూ ఒకేసారి కుదరకపోతే, మీరు చెప్పిన వాడకానికి టాస్క్ మేనేజర్‌లో పైన చెప్పిన రెండు లక్షణాలూ కలిసి కనిపిస్తే ర్యామ్ ముందు, లేకపోతే ఎస్ఎస్‌డీ ముందు.

ఇంతకంటే పాతవి, అంటే కోర్ 2 డ్యూయో, జీ31 బోర్డు రకం అయితే నేను వద్దనే చెప్తాను. డీడీఆర్2, 4 జీబీకి మించి పట్టదు, ఈ రోజుల్లో బ్రౌజర్‌కే అది చాలదు. ల్యాప్‌టాప్ అడిగేవాళ్లు మాత్రం ర్యామ్ బోర్డుకే అతికించి ఉందేమో ముందు చూసుకోవాలి. నాలుగో తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌లకి డీడీఆర్3ఎల్, అంటే 1.35 వోల్టులది కావాలి.

టాస్క్ మేనేజర్ మెమరీ పేజీ ఫోటో, మీ పాత స్టిక్ లేబుల్ ఫోటో రెండూ కింద పెట్టండి. ఏ స్టిక్ అడగాలో సరిగ్గా రాసి ఇస్తాను, ఆ చీటీ షాపులో చూపిస్తే సరిపోతుంది.