ఇంగ్లీషు రాక్, పాప్ ఆల్బమ్‌లు వినడం ఎలా మొదలుపెట్టాలి? మాటలు అర్థం కానప్పుడు వాటిలో ఏం వినాలి?

పది పాటలు విన్నాను, ఒక్కటీ మనసుకి ఎక్కలేదు, ఆ యాస అర్థం కాదు, అయినా ఈ ఆల్బమ్‌ల గురించి జనం అంతగా ఎందుకు వాదించుకుంటారని అడిగారు. పాతికేళ్లకు పైగా అట్లాంటి వాదనల మధ్య బతికినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను. కాస్త పెద్దదే అవుతుంది.

మాది నెల్లూరు. 1997లో నేను డిగ్రీ రెండో సంవత్సరం. మూలాపేటలో ఒక స్నేహితుడి మేడ మీద రేకుల గది ఉండేది. నలుగురం చేరేవాళ్లం. ఒకడు వాళ్ల తాత దగ్గర మృదంగం నేర్చుకున్నవాడు. ఇంకొకడిది ఇందుకూరుపేట వైపు, వాళ్లకు రొయ్యల గుంటలుండేవి. చదువంతా తెలుగు మీడియం, ఇంగ్లీషు మాట వినపడితే లేచి వెళ్లిపోయే రకం. గది సొంతదారుకి మైకేల్ జాక్సన్ అంటే ప్రాణం. నాలుగోవాణ్ణి నేను. పేర్లు రాయను, మృదంగం వాడు, గుంటల వాడు, గది వాడు అనే రాస్తాను.

మద్రాసులో చదువుతున్న మా పెద్దమ్మ కొడుకు సెలవులకొచ్చినప్పుడు ఒక తొంభై నిమిషాల క్యాసెట్ ఇచ్చి వెళ్లాడు. ఒక్కో వైపు 45 నిమిషాలు. ఒక వైపు ఇంగ్లండు రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ వాళ్లు 1973లో తెచ్చిన 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్', రెండో వైపు మైకేల్ జాక్సన్ 1982 నాటి 'థ్రిల్లర్'. మొదటిది దాదాపు 43 నిమిషాలు, రెండోది 42. కొలిచి ఎక్కించినట్టు సరిపోయాయి. ఒకే క్యాసెట్‌లో ఆ రెండూ ఎదురెదురుగా ఉండడంతో మా గదిలో పక్షాలు వాటంతటవే ఏర్పడ్డాయి.

మొదటి నెల మాకూ ఏమీ ఎక్కలేదు. మీలాగే. "సోది" అని ఒకడు, "నీకు తెలీదులే" అని ఇంకొకడు. అది వాదన కాదు, అరుపులు. ఒకరోజు మృదంగం వాడికి విసుగొచ్చి అన్నాడు: "ఊరికే బాగుంది, బాగలేదు అనబాకండి. యాడ బాగుందో చూపించండి." ఆ రోజు నుంచీ అదే మా నియమం. ఎవరేమన్నా సరే, క్యాసెట్ వెనక్కి తిప్పి, ఆ చోటు వినిపించి, అప్పుడు మాట్లాడాలి. మీకు నేను చెప్పదలచుకున్నది చాలావరకు ఇదే. మిగతాదంతా ఈ ఒక్క మాట మాకు ఏమేం వినిపించిందో చెప్పడం.

'మనీ' అనే పాట ఉంది. చిల్లర గలగలతో, గల్లాపెట్టె చప్పుడుతో మొదలవుతుంది. గుంటల వాడు తొడ మీద తాళం వేసుకుంటూ ప్రతిసారీ తప్పేవాడు. తనకు తాళజ్ఞానం లేదని బాధపడేవాడు కూడా. మృదంగం వాడు కళ్లు మూసుకుని రెండు ఆవర్తాలు విన్నాడు. "నీ తప్పు కాదురా. నువ్వు నాలుగేస్తా ఉండావు. ఇది ఏడు" అన్నాడు. తకిట తకధిమి, తకిట తకధిమి అని నోటితో చెప్పి చూపించాడు. చిల్లర చప్పుళ్లు కూడా ఆ ఏడింటికే పడుతున్నాయి! శాక్సఫోన్ అయిపోయి గిటార్ అందుకునే చోటికి రాగానే లేచి నిలబడ్డాడు. "ఇదో, ఇక్కడ నాలుగుకి దిగినాడు." అప్పటిదాకా ఆ గిటార్ రాగానే ఒళ్లు తేలికైనట్టు ఎందుకనిపిస్తోందో మాకెవరికీ తెలియదు. ఏడు మీద ఒంటికాలితో నడుస్తున్న పాట నాలుగు మీదకొచ్చి పరుగందుకుంటుంది, అదీ కారణం. ఆ తర్వాత మళ్లీ ఏడులోకే తీసుకెళ్తారు. లండన్‌లో ఎవరో చేసిన పాటని మూలాపేటలో మృదంగం లెక్కతో విప్పుకున్నామే, ఆ సంతోషం నాకు ఇప్పటికీ తీరలేదు.

ఇంకో వాదన ఆ పాట ముందున్న నిశ్శబ్దం గురించి. అసలు గ్రామఫోన్ రికార్డులో 'ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై' మొదటి వైపు ఆఖరి పాట, 'మనీ' రెండో వైపు మొదటిది. అంటే మధ్యలో మనిషి లేచి రికార్డు తిరగెయ్యాలి. మా క్యాసెట్‌లో రెండూ ఒకే వైపున ఉన్నాయి కాబట్టి 'గ్రేట్ గిగ్' పాటలోని ఏడుపు ఆగీ ఆగకముందే చిల్లర గలగలమనేది. అట్లాగే బాగుందని నేను, చావు గురించిన పాట ఇంకా చెవిలో ఉండగానే డబ్బుల చప్పుడు రావడమే గొప్పని నా వాదన. కాదు, అక్కడ ఊపిరి పీల్చుకునే సందు ఉండాలి, చేసినవాళ్లు ఆ సందు ఉంటుందని తెలిసే చేశారని మృదంగం వాడు. ఒకసారి సరిగ్గా అక్కడే కరెంటు పోయింది. చీకట్లో నలుగురం ఎవరం మాట్లాడలేదు. కరెంటు వచ్చేసరికి నేను వాడి పక్షానికి మారిపోయాను.

ఏడుపు అన్నాను కదా. మీ ప్రశ్నలో ముఖ్యమైన భాగానికి జవాబు అక్కడుంది.

ఒక ఆదివారం సాయంత్రం గది వాడి అమ్మ పులిబొంగరాలు పళ్లెంలో పెట్టుకుని మేడెక్కి వచ్చింది. అప్పుడు ఆ 'గ్రేట్ గిగ్' పాటే నడుస్తోంది. అందులో మాటలు లేవు. మొదట్లో ఎవరో మెల్లగా రెండు ముక్కలు మాట్లాడతాడు, తర్వాత ఒక ఆడగొంతు గట్టిగా ఎత్తుకుని, విరిగి, నెమ్మదించి, ఆఖరుకి గుసగుసలాగా అయిపోతుంది. ఆమె గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "ఏందిరా, ఆ అమ్మాయి అట్టా ఏడస్తా ఉండాది? వాళ్లింట్లో ఎవరు పోయినారు?" అని అడిగింది.

ఆ పాట సంగతులు మాకు చాలా ఏళ్ల తర్వాత తెలిశాయి. పాడినామె క్లేర్ టోరీ. 1973 జనవరిలో ఆమెని అబ్బే రోడ్ స్టూడియోకి పిలిపించి, మాటలేమీ లేవు, ఊరికే పాడమన్నారు. కూలి 30 పౌండ్లు. పాట చావు గురించి. మొదట్లో మాట్లాడేది ఆ స్టూడియో కాపలాదారు, చావంటే తనకు భయం లేదంటాడు. ఆ గొంతులోంచి పుట్టిన రాగం తనదేనని టోరీ 2004లో కోర్టుకెక్కింది, 2005లో రాజీ కుదిరి, పింక్ ఫ్లాయిడ్‌లో కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్ పేరు పక్కన పాటకర్తగా ఆమె పేరు చేరింది. అది నాకు చాలా న్యాయంగా తోచింది. ఇవేవీ తెలియకుండా, ఒక్క ఇంగ్లీషు ముక్క రాకుండా, పులిబొంగరాల పళ్లెం చేతిలో పట్టుకున్న ఆ తల్లి, పాట దేని గురించో వింటూనే చెప్పేసింది.

కాబట్టి మాటలు అర్థం కావడం లేదని ఆగిపోకండి. మా ఊరి బాలు 1981 నాటి 'ఏక్ దూజే కే లియే' సినిమాలోని హిందీ పాటకు జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. మా వీధిలో ఆ పాటలు హిందీ రాని నోళ్లన్నీ పాడేవి. అప్పుడెవరూ అర్థం ఏమిటని ఆగలేదు. ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికే మనకు పరీక్ష హాల్లో కూర్చున్నట్టుంటుంది. ఆ బెదురు వదిలెయ్యండి. సాహిత్యం రెండోసారో మూడోసారో విన్నాక చదవచ్చు. ముందే చదివితే కళ్లు పనిచేస్తాయి, చెవులు మానేస్తాయి.

ఇక 'థ్రిల్లర్' సంగతి. అది ఆల్బమ్ కాదు, హిట్ పాటల మూట అని చాలాకాలం నేను వాదించాను. తొమ్మిది పాటల్లో ఏడు విడివిడిగా సింగిల్స్‌గా వచ్చాయి మరి. గది వాడు ఎంతకీ ఒప్పుకునేవాడు కాదు. చూపించమన్నాను. 'బిల్లీ జీన్' మొదటి అర నిమిషం వేశాడు. ముందు డ్రమ్ ఒక్కటే. తర్వాత మంద్రంగా మోగే బేస్ గిటార్ వచ్చి కలుస్తుంది. ఆ తర్వాత కీబోర్డు ముక్కలు. అప్పటిగ్గానీ జాక్సన్ గొంతు విప్పడు. "కచేరీలో ఒక్కొక్కరే వచ్చి కూచున్నట్టు లేదూ? వాడు పాడేలోపలే గది నిండిపోయింది" అన్నాడు. అక్కడితో ఆగలేదు. దాని ముందున్న 'బీట్ ఇట్' చివర్నుంచి పెట్టి, దాని తర్వాతున్న 'హ్యూమన్ నేచర్' మొదలయ్యేదాకా వినిపించాడు. వాన్ హేలెన్ బృందం గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ పైసా పుచ్చుకోకుండా వచ్చి వాయించిన రాక్ గిటార్ ఒక పక్క, వెన్నెల్లాంటి మెత్తని పాట ఇంకో పక్క, నడుమ ఈ డ్రమ్ము, బేసూ. ఆ మూడింటినీ వేరే వరుసలో పెట్టి చూడమన్నాడు. పెట్టి చూశాను, కుదర్లేదు. నిర్మాత క్విన్సీ జోన్స్ పనితనం ఆ వరుసలోనే ఉందని ఇప్పుడు నేనే అందరికీ చెబుతుంటాను.

ఒకటి మాత్రం ఈనాటికీ తేలలేదు. ఇంగ్లండు బృందం బీటిల్స్ 1967లో తెచ్చిన 'సార్జెంట్ పెప్పర్స్' ఆల్బమ్‌లో వాళ్ల గిటారిస్టు జార్జ్ హారిసన్ తంబూరా, దిల్‌రుబా, తబలాతో చేసిన 'వితిన్ యూ వితౌట్ యూ' ఉంది. అంత గంభీరమైన పాట అయిపోగానే జనం నవ్వులు వినిపిస్తాయి. మన వాద్యాలు పెట్టి నవ్వడమేమిటని మృదంగం వాడికి కోపం. ఆ నవ్వులు పెట్టించింది హారిసనే, బరువు దించడానికి పెట్టాడని నేను. వాడు ఒప్పుకోలేదు. ఒప్పుకోడు.

ఇప్పుడు చెప్పబోయేది మా నలుగురిలో ఇద్దరి సంగతి. వాళ్లని అడిగే రాస్తున్నాను. గుంటల వాడు, గది వాడు కలిసి వాటాకు గుంటలు కౌలుకు తీసుకున్నారు. టైగర్ రొయ్య వేశారు. 2003లో తెల్లమచ్చ రోగం తగిలి పంటంతా పోయింది. లెక్కల దగ్గర మాటా మాటా పెరిగి ఇద్దరూ పలకరింపులు మానేశారు. ఎనిమిది నెలలు. ఒకడొస్తే ఇంకొకడు వచ్చేవాడు కాదు. మృదంగం వాడు ఇద్దరికీ రెండోవాడు రావడం లేదని చెప్పి ఒకే ఆదివారం పిలిచాడు. ఫ్లీట్‌వుడ్ మాక్ వాళ్ల 'రూమర్స్' సీడీ పెట్టాడు. 1977 నాటిది. పెట్టేముందు ఒక్క సంగతి చెప్పాడు: బృందంలో ఐదుగురు. అందులో రెండు జంటలు. జాన్, క్రిస్టీన్ మెక్‌వీ పెళ్లి విడిపోయింది, బకింగ్‌హామ్, నిక్స్ ప్రేమ విడిపోయింది. అయినా ఒకే స్టూడియోలో కూర్చుని ఆల్బమ్ పూర్తి చేశారు. ఒకరి మీద ఒకరు రాసుకున్న పాటలకు ఆ రెండోవాళ్లే పక్కన నిలబడి పాడారు, వాయించారు.

తర్వాత ఎవరూ మాట్లాడలేదు. 'ది చైన్' వచ్చింది. ఆల్బమ్ మొత్తంలో ఐదుగురి పేర్లూ ఉన్న పాట అదొక్కటే. విడివిడి ముక్కలు అతికించి కట్టింది. మధ్యలో అన్నీ ఆగిపోయి బేస్ గిటార్ ఒక్కటే మొదలవుతుంది, దాని మీద మళ్లీ అందరూ వచ్చి చేరతారు. ఆల్బమ్ అయిపోయాక గుంటల వాడు గోడకేసి చూస్తూ అడిగాడు: "ఆ బేస్ వాయించినోడు ఆమె మొగుడేనా?"

గది వాడు జవాబిచ్చాడు. "ఆయనే. విడిపోయినాక కూడా వాయించినాడు."

మృదంగం వాడు మామూలుగానే "యాడ బాగుందో చూపించండి" అన్నాడు. ఇద్దరూ ఒకే చోటు చెప్పారు. లెక్కలు తేలడానికి ఇంకో ఏడాది పట్టింది, మళ్లీ కలిసి గుంటలు వెయ్యలేదు. ఆదివారాలు మాత్రం మానలేదు.

మీరు మొదలుపెట్టే పద్ధతికి వస్తాను. గొప్ప ఆల్బమ్‌ల జాబితాలు ముందేసుకుని పరుగెత్తకండి. వారానికి ఒకటి చాలు. ఫోన్‌లో పాటల వరుస కలగాపులగం చేసే షఫిల్ ఆపెయ్యండి. పాటకీ పాటకీ మధ్య సందు రాకుండా చేసే గ్యాప్‌లెస్ సెట్టింగు ఉంటే పెట్టుకోండి. మీతో ఏకీభవించని మనిషిని ఒకణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఒంటరిగా విన్నప్పుడు నచ్చింది నచ్చినట్టే ఉండిపోతుంది. "ఏదీ, యాడ?" అని అడిగేవాడుంటేనే మీరు వెనక్కెళ్లి మళ్లీ వింటారు.

మొదటిది 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' పెట్టుకోండి. ఒక్క జాగ్రత్త. అది చాలా సన్నని గుండె చప్పుడుతో మొదలవుతుంది. ఏమీ వినపడలేదని సౌండ్ పెంచకండి, కొంతసేపటికి 'టైమ్' పాటలో గడియారాలన్నీ ఒక్కసారిగా మోగుతాయి, ఉలిక్కిపడతారు. సౌండ్ పెంచే బదులు ఫ్యాను ఆపండి. మా రేకుల గదిలో మే నెలలో కూడా ఫ్యాను ఆపే వినేవాళ్లం, చొక్కాలు తడిసి ముద్దయ్యేవి. ఆఖరి పాట అయిపోయాక ఆ గుండె చప్పుడు మళ్లీ వస్తుంది, సన్నబడుతూ సన్నబడుతూ పోతుంది. అది పూర్తిగా ఆగేదాకా ఫ్యాను వెయ్యకండి.