వయసును వెనక్కి తిప్పుతామనే సప్లిమెంట్లు కణాల స్థాయిలో నిజంగా పనిచేస్తాయా?

కణాల్లోని కొన్ని రసాయనాల మోతాదును ఇవి మార్చగలవు గానీ, మనిషిలో వృద్ధాప్యాన్ని నెమ్మదింపజేస్తాయని ఇంతవరకు ఏ సప్లిమెంటు విషయంలోనూ రుజువు కాలేదు.

వృద్ధాప్యం ఒక్క లోపం వల్ల వచ్చేది కాదు. డీఎన్‌ఏ దెబ్బతినడం, క్రోమోజోముల చివర్లను కాపాడే టెలోమియర్లు పొట్టివవడం, కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియా బలహీనపడటం, విభజన ఆగిపోయిన కణాలు పోగుపడటం అన్నీ కలిసి జరుగుతాయి. ఒక మాత్ర వీటిలో ఒకదాన్ని తాకినా మిగతావి ఆగవు. పైగా మింగినదంతా కణం దాకా చేరదు: ద్రాక్ష తొక్కలో ఉండే, సప్లిమెంటుగా అమ్మే రెస్వెరట్రాల్‌ను పేగు పీల్చుకున్నా, పేగు గోడ, కాలేయం కలిసి వెంటనే దాని రూపం మార్చేస్తాయి. గాజుపాత్రలో కణాల మీద నేరుగా పోస్తే కనిపించే ప్రభావం మాత్రతో రాకపోవడానికి ఇదొక కారణం.

ఎన్‌ఎంఎన్ సంగతి చూడండి. కణం శక్తి తయారీకి, డీఎన్‌ఏ మరమ్మతుకు ఎన్‌ఏడీ అనే అణువు కావాలి. వయసుతో కొన్ని కణజాలాల్లో అది తగ్గుతుంది. ఎన్‌ఎంఎన్ శరీరంలో ఎన్‌ఏడీగా మారే పదార్థం. రోజుకు 250 మిల్లీగ్రాముల ఎన్‌ఎంఎన్ తీసుకున్నవారి రక్తంలో ఎన్‌ఏడీ పెరిగింది. అక్కడిదాకా నిజమే. కండరబలం, ఇన్సులిన్ స్పందన విషయంలో మాత్రం ఒక్కో పరీక్షలో ఒక్కో ఫలితం వచ్చింది. రక్తంలో అంకె పెరగడాన్నే వయసు తగ్గడంగా చూపడం అమ్మకపు మాట.

ఎక్కువమంది పొరపడేది యాంటీఆక్సిడెంట్ల దగ్గర. కణాలను దెబ్బతీయగల చురుకైన అణువులైన ఫ్రీ రాడికల్స్ చెడ్డవి కాబట్టి, వాటిని అణచే యాంటీఆక్సిడెంట్లు ఎంత మింగితే అంత మంచిదనుకుంటారు. కానీ కణాలు ఫ్రీ రాడికల్స్‌ను సంకేతాలుగా కూడా వాడుకుంటాయి. 1994లో వెలువడిన ఫిన్లాండ్ అధ్యయనంలో, రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ తీసుకున్న పొగతాగేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది.